వడ్డించే చెయ్యి ఎవరిది? రెండో ఏడాది రిసీవర్లలో ఎవరిని తీసుకోవాలి

ఇది 2025 ఆగస్టు చివర్లో, డ్రాఫ్ట్‌కు ముందు రాసింది. వినాయక చవితి బుధవారం అయిపోయింది. లేబర్ డే సెలవులు వచ్చేశాయి. డాలస్ చుట్టుపక్కల ఆఫీసుల్లో ఈ రెండు మూడు రోజులూ పని పేరుకే. అందరి బుర్రా ఫాంటసీ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ మీదే ఉంది, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుని మన జట్టు కట్టుకోవడం. మా లీగ్‌లో పన్నెండు మందిమి, నా వంతు తొమ్మిదోది. 2025 సీజన్ సెప్టెంబర్ 4న మొదలవుతుంది కాబట్టి ఈ శనివారం రాత్రికల్లా తేల్చుకోవాలి.

తేల్చుకోవలసిందల్లా ఒక్కటే. నిరుడు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అడుగుపెట్టిన కుర్ర వైడ్ రిసీవర్లలో ఎవరిని నమ్ముకోవాలి? 2024 బ్యాచ్‌లో ముగ్గురు మొదటి ఏడాదే వెయ్యి యార్డులు దాటారు. ఇంకో ముగ్గురు దాటలేదు గానీ పేరున్నవాళ్లే. ఆరుగురూ ఇప్పుడు రెండో ఏడాదిలోకి వస్తున్నారు. ఎవరిని అడిగినా "రెండో ఏడు ఇంకా బాగా ఆడతారు" అంటారు. అలా అని ఎక్కడా రాసిపెట్టి లేదు.

ఆట కొత్తవాళ్లకు రెండు ముక్కలు. కాపలా కాసేవాణ్ణి వదిలించుకుని పరిగెత్తి, క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పట్టుకోవడం వైడ్ రిసీవర్ పని. అతని వైపు బంతి విసిరిన ప్రతిసారీ అది ఒక టార్గెట్. మా లీగ్ పీపీఆర్ పద్ధతి: పట్టిన ప్రతి క్యాచ్‌కీ 1 పాయింట్, ముందుకు సంపాదించిన ప్రతి 10 యార్డులకీ 1, టచ్‌డౌన్‌కి, అంటే బంతిని ప్రత్యర్థి గీత దాటిస్తే, 6. డ్రీమ్11 అలవాటున్నవాళ్లు ఒక తేడా గమనించాలి. అక్కడ మ్యాచ్‌కో జట్టు కట్టేవాళ్లు. ఇక్కడ ఒకణ్ణి ఎంచుకుంటే అతను మీవాడే, మిగతా పదకొండు మందికీ దొరకడు. డిసెంబర్ దాకా కాపురం చెయ్యాలి.

## దేన్ని చూసి ఎంచాలి

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఈ ఆటలో ఆ సామెత రెండు బంతులకీ సరిపోతుంది. రిసీవర్ ఎంత గొప్పవాడైనా విస్తరి ముందు కూర్చున్నవాడే. గరిట క్వార్టర్‌బ్యాక్ చేతిలో ఉంటుంది.

అందుకే నేను కుర్రాడి పరుగుకంటే ముందు చూసేది మూడు విషయాలు. విసిరే చెయ్యి ఎవరిది. పక్కన పంక్తిలో ఇంకెవరు కూర్చున్నారు. ఆట పథకం వేసే కోచ్‌కి పాస్ అంటే ఇష్టమా, పరుగు అంటే ఇష్టమా. ఇవయ్యాక ధర, అంటే ఎన్నో రౌండ్‌లో అతని మీద మన పిక్ (ఎంచుకునే వంతు) పెట్టాలి అన్నది.

టార్గెట్లు ఎక్కువుంటే చాలదా అంటే, చాలదు. గారెట్ విల్సన్ సంగతి చూడండి. 2022లో న్యూయార్క్ జెట్స్ తరఫున మొదటి ఏడాదే 1,103 యార్డులు చేశాడు. మరుసటి ఏడాది ఆరోన్ రాడ్జర్స్ వస్తున్నాడంటే విల్సన్ మీద ఆశలు ఆకాశానికి చేరాయి. రాడ్జర్స్ మొదటి మ్యాచ్‌లో నాలుగో ఆటకే మడమ పైనున్న అకిలీస్ నరం తెంచుకుని సీజన్‌కు దూరమయ్యాడు. విల్సన్‌కు ఆ ఏడాది 168 టార్గెట్లు వచ్చాయి. యార్డులు 1,042, టచ్‌డౌన్లు మూడంటే మూడు. కుర్రాడిలో ఏ లోపమూ లేదు. అదే జస్టిన్ జెఫర్సన్‌ను చూస్తే 2020లో 1,400 యార్డులు, 2021లో 1,616. రెండేళ్లూ దాదాపు అన్ని బంతులూ విసిరింది కిర్క్ కజిన్సే.

## నిరుటి లెక్కలు

చివరి గడిలో ఉన్నవి క్యాచ్‌ల మీద వచ్చిన పాయింట్లు మాత్రమే. బంతి చేతపట్టి పరిగెత్తినప్పుడు వచ్చేవి కలపలేదు.

| ఆటగాడు | జట్టు | టార్గెట్లు | క్యాచ్‌లు | యార్డులు | టచ్‌డౌన్లు | పాయింట్లు |
|---|---|---|---|---|---|---|
| బ్రయాన్ థామస్ జూనియర్ | జాక్సన్‌విల్ జాగ్వార్స్ | 133 | 87 | 1,282 | 10 | 275.2 |
| మలీక్ నేబర్స్ | న్యూయార్క్ జెయింట్స్ | 170 | 109 | 1,204 | 7 | 271.4 |
| లాడ్ మకాంకీ | లాస్ ఏంజెలస్ చార్జర్స్ | 112 | 82 | 1,149 | 7 | 238.9 |
| మార్విన్ హారిసన్ జూనియర్ | అరిజోనా కార్డినల్స్ | 116 | 62 | 885 | 8 | 198.5 |
| జేవియర్ వర్తీ | కాన్సాస్ సిటీ చీఫ్స్ | 98 | 59 | 638 | 6 | 158.8 |
| రోమ్ ఒడూన్జే | షికాగో బేర్స్ | 101 | 54 | 734 | 3 | 145.4 |

ఈ పట్టికలో అందరూ చూసేది చివరి గడి. నేను చూసేది టార్గెట్లకూ యార్డులకూ మధ్య ఉన్న సంబంధం. నేబర్స్‌కు ఒక్కో టార్గెట్‌కి 7.1 యార్డులు పడ్డాయి, థామస్‌కు 9.6, మకాంకీకి 10.3. మకాంకీకి నేబర్స్ కంటే 58 బంతులు తక్కువ వచ్చినా యార్డుల్లో తేడా 55 మాత్రమే.

## నేబర్స్: ఆకలితోనే కడుపు నింపుకున్నవాడు

జెయింట్స్ నిరుడు 17 మ్యాచ్‌లలో గెలిచినవి మూడు. క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్‌ను నవంబర్‌లో పంపించేశారు. తర్వాత టామీ డెవిటో, డ్రూ లాక్, మధ్యలో టిమ్ బాయిల్ కూడా వచ్చి బంతి విసిరి వెళ్లారు. గరిట నాలుగు చేతులు మారినా నేబర్స్ 109 క్యాచ్‌లు పట్టాడు. తలకు దెబ్బ తగిలి రెండు మ్యాచ్‌లు ఆడలేదు, అంటే ఇదంతా 15 మ్యాచ్‌ల లెక్క. వాషింగ్టన్‌తో ఆడిన రెండో వారంలో ఒక్క మ్యాచ్‌లోనే 18 టార్గెట్లు.

ఈసారి బంతి విసరడానికి రసెల్ విల్సన్ వచ్చాడు. వయసు 36. చేతిలో వేగం తగ్గినా, ఆకాశంలోకి ఎత్తి దూరంగా వేసే అతని బంతి ఇంకా అందంగానే దిగుతుంది. నేబర్స్‌కి నిరుడు దొరకనిది అదే. చిక్కల్లా వెనక వరసలో ఉంది. జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే ఎన్‌ఎఫ్‌ఎల్ అసలు డ్రాఫ్ట్‌లో, మొదటి రౌండ్‌లో 25వ పిక్‌తో జాక్సన్ డార్ట్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకున్నారు. జట్టు ఓడడం మొదలుపెడితే కొత్త కుర్రాడి చేతికి గరిట ఇవ్వకుండా ఎన్నాళ్లు ఆగుతారు? మొదటి నాలుగు వారాల్లో వాషింగ్టన్, డాలస్, చీఫ్స్, చార్జర్స్ వరసగా ఉన్నారు. ఓటములు తొందరగానే మొదలుకావచ్చు.

ఇంకో రెండు మాటలు. కాలివేలి నొప్పి నేబర్స్‌ను వేసవిలో కూడా వదల్లేదు. జెయింట్స్‌కు విరామం, అంటే మ్యాచ్ లేని వారం, 14వ వారంలో వస్తుంది. చాలా ఫాంటసీ లీగుల్లో ప్లేఆఫ్స్‌కు (నాకౌట్ మ్యాచ్‌లకు) ముందు ఆఖరి వారం అదే. గెలిస్తేగానీ ముందుకు వెళ్లలేని వారంలో మీ మొదటి రౌండ్ ఆటగాడు ఇంట్లో కూర్చుని ఉంటాడు. దీన్ని న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండే మా బావగారికి చెబితే "ఇంకా బండి ఎక్కకముందే దిగే స్టేషన్ గురించి ఎందుకయ్యా" అన్నారు. ఆయనది జెయింట్స్ అభిమానం, లెక్కలకు లొంగదు.

ఇన్ని చెప్పినా మ్యాచ్‌కి పదకొండు టార్గెట్లు వచ్చే మనిషిని కాదనడం కష్టం. అతను సున్నాకి పడిపోయే వారం ఉండదు.

## థామస్: నేబర్స్‌తో కలిసి ఆడినవాడు, వేరే దారి

ఇద్దరిదీ లూసియానాయే, ఇద్దరూ 2023లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) జట్టులో జేడెన్ డేనియల్స్ విసిరిన బంతులు పట్టినవాళ్లే. ఆ ఏడాది నేబర్స్ 1,569 యార్డులు చేస్తే, థామస్ 17 టచ్‌డౌన్లు చేశాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో నేబర్స్ 6వ పిక్, థామస్ 23వ పిక్. ఏడాది తిరిగేసరికి యార్డుల్లో థామస్ నేబర్స్‌ను దాటేశాడు.

థామస్ విషయంలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ లారెన్స్ గాయపడి పది మ్యాచ్‌లే ఆడాడు, మిగతా ఏడింటికీ మ్యాక్ జోన్స్ వచ్చాడు. చెయ్యి మారినా థామస్ తగ్గలేదు, సీజన్ చివర్లో ఇంకా పెరిగాడు. ఇప్పుడు పక్కన బంతులు పట్టే క్రిస్టియన్ కర్క్, ఈవన్ ఎన్‌గ్రమ్ ఇద్దరూ వెళ్లిపోయారు. కొత్త కోచ్ లియమ్ కోయెన్ నిరుడు టాంపాలో దాడి పథకం నడిపినవాడు. అక్కడ బేకర్ మేఫీల్డ్ 41 టచ్‌డౌన్లు విసిరాడు.

ఇక ట్రావిస్ హంటర్. జాగ్వార్స్ పైకి ఎగబాకి రెండో పిక్‌తో తెచ్చుకున్న హైస్‌మన్ (కాలేజీ ఆటలో ఉత్తమ ఆటగాడి ట్రోఫీ) విజేత. రిసీవర్‌గా పట్టడమూ, కార్నర్‌బ్యాక్‌గా అడ్డుకోవడమూ రెండూ చేస్తానంటున్నాడు. అతనివల్ల థామస్ టార్గెట్లు తగ్గుతాయా, లేక ప్రత్యర్థులు ఇద్దరినీ కాయలేక థామస్‌ను వదిలేస్తారా? నా అంచనా రెండోది. రెండు వైపులా ఆడే మనిషిని ప్రతి పాస్‌కీ పరిగెత్తించలేరు. కానీ కొత్త పథకం మొదటి ఏడాదిలో రిసీవర్‌కు ఎక్కడ నిలబడాలో అర్థమవడానికే నెల పడుతుంది. సెప్టెంబర్‌లో థామస్ నత్తనడక నడిస్తే గాభరా పడి అమ్మేసుకోకండి.

నేబర్స్, థామస్ ఇద్దరూ మీ వంతుకి మిగిలి ఉంటే? ప్రతివారం గట్టి పునాది కావాలంటే నేబర్స్. పెద్ద వారాలు కావాలంటే, టచ్‌డౌన్లు కావాలంటే థామస్. ఇద్దరి ధరా దాదాపు ఒకటే, మొదటి రౌండ్ చివర నుంచి రెండో రౌండ్ మొదటి దాకా.

## మకాంకీ: చెయ్యి మంచిది, పంక్తి నిండింది

ఆరుగురిలో మంచి చెయ్యి దొరికినవాళ్లు ఇద్దరు. వర్తీకి పాట్రిక్ మహోమ్స్, మకాంకీకి జస్టిన్ హర్బర్ట్. వచ్చిన 112 బంతుల్లో మకాంకీ 82 పట్టాడంటే నూటికి 73 అన్నమాట. జార్జియా నుంచి వచ్చి, ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో 34వ పిక్‌గా వెళ్లిన సన్నటి కుర్రాడు. హ్యూస్టన్‌తో ప్లేఆఫ్ మ్యాచ్ చూశారా? హర్బర్ట్ నాలుగు ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థుల చేతికి చిక్కిన బంతులు) విసిరి, చార్జర్స్ 32-12తో చిత్తయిన రోజు. ఆ గందరగోళంలో మకాంకీ ఒక్కడే 9 క్యాచ్‌లు, 197 యార్డులు. ప్లేఆఫ్స్‌లో మొదటి ఏడాది ఆటగాడు ఎవరూ అన్ని యార్డులు చెయ్యలేదు.

మరి ఇతణ్ణి ఫాంటసీలో మొదటి రౌండ్‌లో ఎందుకు తీసుకోరు? కోచ్ జిమ్ హార్బా పరుగు ఆటకు ప్రాణమిస్తాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ మొదటి రౌండ్ పిక్‌తో ఒమారియన్ హాంప్టన్ అనే రన్నింగ్ బ్యాక్‌ను (బంతి చేతపట్టి పరిగెత్తేవాణ్ణి) తెచ్చుకున్నాడు. ఆగస్టులో రెండు సంగతులు జరిగాయి. ఎడమవైపు హర్బర్ట్‌కు గోడలా నిలబడే రషాన్ స్లేటర్ మోకాలి నరం తెగి ఏడాదంతా దూరమయ్యాడు. చార్జర్స్ పాత రిసీవర్ కీనన్ అలెన్ పుట్టింటికి తిరిగొచ్చాడు.

ఈ అలెన్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అతను ఒక్కడే ఇద్దరి జాతకాలు కదిపాడు. నిరుడు షికాగోలో అతనికి 121 టార్గెట్లు వచ్చాయి. ఆ 121 ఇప్పుడు అక్కడ ఖాళీ. ఒడూన్జేకి అందులో మంచి వాటా దక్కుతుంది. ఇటు లాస్ ఏంజెలస్‌లో అలెన్‌కు హర్బర్ట్‌తో పాత స్నేహం, ఇరుకైన సమయంలో కళ్లు అటే పోతాయి. పైగా అలెన్ పట్టేది కూడా మధ్యలో, దగ్గరలో, మకాంకీ తిరిగే చోటే. అతనికి 33 ఏళ్లు, అయినా నిరుడు 7 టచ్‌డౌన్లు చేశాడు.

నాకు దీనివల్ల మకాంకీ మీద మోజు తగ్గలేదు గానీ, ధర మీద పట్టుదల పెరిగింది. రెండో రౌండ్ మధ్యలో అయితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు, అంతకన్నా ముందు వద్దు. గోడ కూలినప్పుడు హర్బర్ట్‌కు బంతి చప్పున వదిలించుకోవాల్సి వస్తుంది. చప్పున దొరికే మనిషి మకాంకీ.

## హారిసన్ జూనియర్: నేను చేసిన తప్పు

నిరుడు ఇతణ్ణి రెండో రౌండ్ మొదట్లో తీసుకున్నాను. తండ్రి మార్విన్ హారిసన్ హాల్ ఆఫ్ ఫేమ్ మనిషి, 2002లో ఒకే సీజన్‌లో 143 క్యాచ్‌లు పట్టినవాడు. కొడుకు నాలుగో పిక్. పులి కడుపున పులే పుడుతుందనుకున్నాను. మొదటి వారం ఒక క్యాచ్, 4 యార్డులు. నాకు ఒళ్లు మండి రెండో వారం బెంచీ మీద కూర్చోబెట్టాను. ఆ ఆదివారం రామ్స్ మీద మొదటి క్వార్టర్‌లోనే 130 యార్డులు, రెండు టచ్‌డౌన్లు. నా బెంచీ మీద! అందులో కుర్రాడి తప్పేమీ లేదు. ఒక్క వారం చూసి మనసు మార్చుకున్నవాణ్ణి నేను.

116 టార్గెట్లలో 62 పట్టాడు. సగం కన్నా కాస్త ఎక్కువ. క్వార్టర్‌బ్యాక్ కైలర్ మర్రే కళ్లు ముందు ట్రే మక్‌బ్రైడ్ వైపు వెళతాయి, టైట్ ఎండ్‌గా (అడ్డు నిలవడమూ, బంతి పట్టడమూ రెండూ చేసేవాడు) అతను నిరుడు 111 క్యాచ్‌లు పట్టాడు. హారిసన్‌ను గీత వెంబడి దూరంగా పరిగెత్తించి, అందీ అందని బంతులు వేశారు. వేసవిలో కండ పెంచుకుని వచ్చాడు. వడ్డన తీరు మారకుండా కండ ఒక్కటే ఎంతవరకు పనికొస్తుందో చూడాలి.

అయితే ధర మారింది. నిరుడు రెండో రౌండ్ మొదట్లో పోయినవాడు ఇప్పుడు మూడో రౌండ్ చివర దొరుకుతున్నాడు. అదే కుర్రాడు, ఒక ఏడాది అనుభవం ఎక్కువ. నిరాశపడిన జనం వదిలేసిన సరుకు కొనడమే నాకిష్టం. ఒక జాగ్రత్త: కార్డినల్స్‌కూ జాగ్వార్స్‌కూ విరామం ఒకే వారం, ఎనిమిదోది. థామస్‌ను తీసుకున్నవాళ్లు హారిసన్‌ను కూడా తీసుకుంటే ఆ వారం ఇద్దరూ ఉండరు.

## ఒడూన్జే, వర్తీ

ఒడూన్జే గురించి సగం పైనే చెప్పేశాను. మిగతా సగం బెన్ జాన్సన్. డెట్రాయిట్‌లో అతను దాడి పథకం చేపట్టిన మొదటి ఏడాది, 2022లో, అమన్‌రా సెయింట్ బ్రౌన్ రెండో సీజన్‌లో 912 యార్డుల నుంచి 1,161కి పెరిగాడు. ఇప్పుడు జాన్సన్ షికాగో హెడ్ కోచ్. నిరుడు షికాగో క్వార్టర్‌బ్యాక్ కేలెబ్ విలియమ్స్‌ను 68 సార్లు కింద పడేశారు. ఆ స్థితిలో దూరంగా పరిగెత్తే రిసీవర్ ఏం పట్టగలడు? ఈ వేసవిలో విలియమ్స్‌కు అడ్డు నిలిచే మధ్య వరసను ముగ్గురు కొత్తవాళ్లతో కట్టారు. డీజే మూర్ ముందుంటాడు, కోల్‌స్టన్ లవ్‌లాండ్, లూథర్ బర్డెన్ కొత్తగా వచ్చారు, అంటే పంక్తిలో మళ్లీ రద్దీ. అయినా ఏడో రౌండ్ ప్రాంతంలో దొరికే మనిషి మీద ఇంతకన్నా ఆశ పెట్టుకోలేం.

వర్తీది వేగం. 2024 కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కు ముందు కుర్రాళ్లకు పెట్టే పరీక్షల్లో) 40 గజాలు 4.21 సెకన్లలో, అది రికార్డు. నిరుడు బంతి చేతపట్టి పరిగెత్తి ఇంకో 104 యార్డులు, 3 టచ్‌డౌన్లు చేశాడు. సూపర్‌బౌల్‌లో ఫిలడెల్ఫియా చేతిలో జట్టు ఓడినా అతనికి 157 యార్డులు, రెండు టచ్‌డౌన్లు. చవితి రోజునే ఇంకో కబురు వచ్చింది, చీఫ్స్‌లోనే ఉన్న మరో రిసీవర్ రషీ రైస్‌కు ఆరు మ్యాచ్‌ల నిషేధం. ఆ ఆరు వారాలూ మహోమ్స్ చూపు వర్తీ మీదే. ఆ తర్వాత సంగతి చెప్పలేం. కాబట్టి వర్తీని తీసుకుంటే అక్టోబర్‌లో, రైస్ తిరిగొచ్చే ముందు, ఎవరికైనా మార్పిడి చేసే ఉద్దేశంతోనే తీసుకోండి.

## మీరు ఏ రకం?

మొదటిసారి ఆడుతున్నారా? ఆఫీసులో మొహమాటానికి చేరారా? నేబర్స్ దొరికితే తీసుకుని మిగతా సంగతులు మరిచిపోండి. ప్రతివారం "ఇతణ్ణి ఆడించాలా వద్దా" అనే బెంగ ఉండదు, 14వ వారం తప్ప.

ఆటగాళ్లను ఏళ్ల తరబడి అట్టేపెట్టుకునే కీపర్ లీగ్ అయితే లెక్క వేరు. అక్కడ ఈ ఏడాది ఎవరు వడ్డిస్తారన్నది అంత ముఖ్యం కాదు. నేబర్స్, థామస్ తర్వాత నేను హారిసన్‌నే అడుగుతాను, వర్తీని కాదు.

మొదటి రెండు రౌండ్లలో రన్నింగ్ బ్యాక్‌లను తీసుకునే అలవాటుంటే మూడో రౌండ్ చివర హారిసన్, ఏడో రౌండ్‌లో ఒడూన్జే. ఇద్దరిలో ఒక్కడు పండినా చాలు. ఇద్దరూ ఎండిపోతే నవంబర్‌కల్లా మీ జట్టు పేరు మార్చుకుని నవ్వించడమే పని.

ఫాంటసీ గొడవ అక్కర్లేదు, ఆట చూస్తే చాలనుకునేవాళ్లకు సెప్టెంబర్ 5 శుక్రవారం బ్రెజిల్‌లోని సావో పాలోలో చీఫ్స్, చార్జర్స్ మ్యాచ్ ఉంది. మకాంకీ ఒక వైపు, వర్తీ ఒక వైపు. డాలస్‌లో ఉన్నవాళ్లకు 14వ తేదీన ఆర్లింగ్టన్‌లో నేబర్స్‌ను కళ్లారా చూసే వీలుంది.

నా మటుకు తొమ్మిదో వంతులో నేబర్స్ మిగలడు, మా లీగ్‌లో జెయింట్స్ పిచ్చోళ్లు ముగ్గురున్నారు. థామస్ ఉంటే థామస్. రెండో రౌండ్‌లో వరస తిరగబడి నాకొచ్చే పదహారో పిక్‌లో మకాంకీ. ముప్పై మూడులో హారిసన్ కనిపిస్తాడు, ఎనిమిదో వారం విరామం గుర్తొస్తుంది, అప్పుడు ఏం చేస్తానో నాకే తెలీదు. ఒడూన్జే పేరు మాత్రం శనివారం దాకా ఆఫీసులో ఎత్తను. లీగ్‌లో నేను కాక తెలుగు చదవగలిగినవాళ్లు ఇంకో ఇద్దరున్నారు. ఇది వాళ్ల కంట పడేసరికి డ్రాఫ్ట్ అయిపోతుందని ఆశ.